తేదీ తప్పు, టైమ్ కరెక్టే

"డేటు తప్పు చూపిస్తుందమ్మా, టైము మాత్రం కరెక్టే," అన్నాడు గంగాధరరావు. కొత్తపేటలో ఆ రంగుల దుకాణం ఆయనదే. భీమవరం నుంచి వచ్చి ఇరవై ఏళ్లయినా యాస మారని మనిషి. అనేసి కౌంటర్ దగ్గరికి పోయాడు, ఎవరో తెల్ల సున్నం అడుగుతున్నారు. ఆ మాట మాత్రం విజయశ్రీ దగ్గరే ఉండిపోయింది. తేదీ తప్పు, టైమ్ కరెక్టే. బోర్లించిన పెయింట్ డబ్బా మీద కూర్చుని, ఒడిలో లాప్‌టాప్ పెట్టుకుని, గోడకున్న చిన్న టీవీలో, దుకాణం కెమెరా పొద్దున పట్టిన బొమ్మలో, అమ్మను మళ్లీ చూసింది. ఆకుపచ్చ చీర, ఒక చెయ్యి పక్కకు కొంచెం ఎత్తి, పట్టుకోవడానికి ఏదో ఉన్నట్టు, లేనట్టు. తెర మూలన తెల్ల అంకెల్లో రెండువేల సంవత్సరం జనవరి. అప్పుడు అమ్మకు నలభై కూడా లేవు, పోచంపల్లిలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టి కూర్చునేది, గుంట అంచున కూర్చుని తను ఎక్కాలు చదివేది. తప్పు చెబితే అమ్మ చెయ్యి ఆగేది, మగ్గం చప్పుడు ఆగిందంటే ఎక్కం తప్పినట్టు. ఇప్పుడు ఆ అమ్మ ఆ సంవత్సరంలోనే నడుచుకుంటూ పోతోంది ఎల్బీనగర్ వైపు, తెర కుడి అంచు దాకా వచ్చి, అంచు దాటి, లేదు.

పొద్దున తనే ఇన్సులిన్ వేసింది. పొట్ట మీద చర్మం చిటికెతో పట్టుకుని, సూది దించి, "నొచ్చిందా" అంటే అమ్మ మొహం గోడ వైపు తిప్పుకుంది, రాత్రి గొడవ ఇంకా ఇద్దరి మధ్యా ఉంది. ఇడ్లీలు పళ్లెంలో పెట్టి మూత వేసి "తిను" అంది, అంతే, తినేదాకా కూర్చోలేదు, ఆఫీసు నుంచి ఫోను, ఏదో సర్వర్ పడిపోయింది, నిమిషంలో వస్తా అని గదిలోకి పోయి తలుపు వేసుకుంది. సర్వర్ లేచింది. తను బయటికి వచ్చేసరికి పళ్లెం మీద మూత మూతలాగే ఉంది, ఇడ్లీలు లెక్కకు లెక్క ఉన్నాయి, చైతన్యపురి ఫ్లాటులో తనూ అమ్మా ఇద్దరే కాబట్టి అడగడానికి కూడా ఎవరూ లేరు. అమ్మ ఫోను చార్జింగులో ఉంది, తలుపు ఓరగా తెరిచి ఉంది. మందు లోపలికి పోయింది, తిండి పోలేదు. డాక్టరు ఎన్నిసార్లు చెప్పాడు, వేసిన అరగంటలో తినాలమ్మా, లేకపోతే షుగర్ పడిపోద్ది, మనిషి తాగినట్టు అయిపోద్ది, ఎక్కడున్నదీ ఎవరన్నదీ తెలియదు. నిరుడు ఒకసారి అయింది కూడా. వంటింట్లో నిలబడి తనను చూసి "ఎవరు కావాలమ్మా" అని అడిగింది అమ్మ. చెంచాడు చక్కెర నోట్లో పోస్తే కాసేపటికి నవ్వింది, ఇద్దరూ నవ్వారు. నవ్వుకోవలసిన సంగతేనా అది, అప్పుడే కదా తెలుసుకోవాల్సింది, అప్పుడే కదా పళ్లెం ముందు కూర్చోవడం నేర్చుకోవాల్సింది.

ఫోను మోగింది, తమ్ముడు నరేష్‌కుమార్. దిల్‌సుఖ్‌నగర్లో చీరల షాపు వాడిది. షాపు మూసేసి, పనివాళ్లను బండ్ల మీద తోలి, తను ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడ్డాడు. "అక్కా, గాడనే ఎందుకు కూసున్నవ్, ఇటు రా. పోచంపల్లి బస్సులు ఆగేకాడ అడుగుతున్న. ఒక కండక్టర్ చూసినన్నడు, పచ్చచీర పెద్దమనిషి ఎక్కిందంట." పచ్చచీరలు ఎంతమంది కట్టుకోరు తమ్ముడూ, అనుకుంది. "పోలీసులు గూడ గిదే అంటున్రు అక్కా. నువ్వే చెప్పినవ్ కదా, నిన్న రాత్రి ఊరికి పోతనని లొల్లి చేసిందని." చెప్పింది, తనే చెప్పింది, పోలీస్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని, రాజేశ్వరమ్మ అని అమ్మ పేరు మొదలుకొని అంతా చెప్పింది, ఆ ఒక్క మాట తప్ప. నన్ను ఊరికి తోలియ్యి అని అమ్మ అంటే, అక్కడ ఎవలున్నరు నీకు, ఇక్కడ నేనేం తక్కువ చేసిన, అని తను, నీ గదిల తలుపు ఎప్పుడూ మూసే ఉంటది అని అమ్మ, అప్పుడు తను అన్న మాట. పోతే పో. మళ్ల రాకు. ఆ మాట రాసుకోవడానికి పోలీసు రిజిస్టర్లో గడి లేదు, ఉన్నా చెప్పేది కాదు.

నరేష్ స్నేహితులు వాట్సాప్‌లో పంపిన వీడియోలు పదకొండు. అమ్మ కనిపించినవి మూడు. సందు మొదట్లో జిరాక్స్ షాపు ముందు నుంచి రోడ్డు మీదికి వచ్చింది, అది ఎనిమిదీ ఇరవై, ఆ జిరాక్స్ షాపు కెమెరా నెట్టుకు కలిపి ఉంది, దాని టైమ్ సరైనదే. తరువాత రెండు. దిల్‌సుఖ్‌నగర్లో స్టీలు సామాన్ల దుకాణం ముందు, ఎల్బీనగర్‌కు ఎదురు దిక్కున మలక్‌పేట వైపు మొహం పెట్టి నడుస్తూ, తెర మీద ఎనిమిదీ నలభై ఏడు. ఈ రంగుల దుకాణం ముందు, ఎల్బీనగర్ వైపు నడుస్తూ, తొమ్మిదీ ముప్పై ఒకటి. అంటే ముందు అటు పోయింది, తప్పని తెలుసుకుని వెనక్కి తిరిగింది, ఇటు వచ్చింది, బస్సు కోసం ఎల్బీనగర్ పోయింది. నరేష్ అదే అనుకున్నాడు, పోలీసులూ అదే అనుకున్నారు, ఎవరైనా అదే అనుకుంటారు. పొద్దున్నుంచి తనూ అదే అనుకుంది, గంగాధరరావు ఆ మాట అనేదాకా. తేదీ తప్పయితే టైమ్ ఎట్లా కరెక్టవుతుంది. కరెంటు పోయి, లోపల బ్యాటరీ చచ్చి, ఆ పెట్టె తన కాలాన్ని మరిచిపోయి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. అది ఏ రోజు ఏ ఘడియలో మొదలుపెట్టిందో దాన్ని బట్టి ఉంటుంది కదా ఇప్పటి టైమ్. దానికి తేదీ వేరు టైమ్ వేరు కాదు, రెండూ ఒకే లెక్క, లెక్క తప్పితే రెండూ తప్పుతాయి. పొద్దున ఎవరో చూసి దగ్గర దగ్గరగా ఉందనుకున్నారు, అంతే. గంట అటూ ఇటూ అయితే రంగులమ్ముకునే మనిషికి ఏం పట్టింది, నాకు, మా అమ్మకు, గంట.

టీవీని, పక్కనే తన ఫోన్ గడియారాన్ని కలిపి చూసింది. ఫోనులో పదీ పావు, టీవీలో పదకొండూ పది. స్టీలు దుకాణం బాలకృష్ణకు ఫోన్ చేసింది, "అన్నా, మీ కెమెరా టీవీల ఇప్పుడు టైమ్ ఎంతున్నదో సదువు, ఉన్నదున్నట్టు సదువు." అతను చదివాడు, తొమ్మిదీ యాభై ఎనిమిది, తన ఫోనులో పదీ ఇరవై. ఇంక తీసివెయ్యడమే. ఐదో తరగతి పిల్ల చేస్తుంది, కాగితం కూడా అక్కర్లేదు, కానీ తల పనిచెయ్యడం లేదు, ఇరవైలోంచి యాభై ఎనిమిది పోదు, అరువు తెచ్చుకోవాలి, ఎక్కడినుంచి తెచ్చుకోవాలి, అంకెలు కళ్లముందు చీమల్లా పోతున్నాయి. వేళ్లు మాత్రం వాటంతటవే లాప్‌టాప్ మీద నడిచాయి. పన్నెండేళ్లుగా వేళ్లకు తెలిసిన పని అదొక్కటే, నల్ల తెర మీద నాలుగు వరుసల షెల్ స్క్రిప్ట్, టైమ్ ఇవ్వు, గంట కొయ్యి, నిమిషం కొయ్యి, గంటను అరవైతో గుణించు, కలుపు, తీసెయ్యి. ఎంటర్ కొట్టింది. లెక్క రాలేదు. ఎనిమిది అనే అంకె ఈ లెక్కలో చెల్లదు అని ఇంగ్లీషులో ఒక వరుస వచ్చింది. మళ్లీ కొట్టింది, మళ్లీ అదే. తొమ్మిదీ చెల్లదట. అమ్మ నడిచిన రెండు గంటలూ చెల్లవట.

ఒక్క క్షణం నిజంగా అనిపించింది, ఎవరో పైనుంచి చెబుతున్నారని. ఏడుపొచ్చింది, పక్కన తెల్ల సున్నం తూకం వేస్తున్నారు, డబ్బా మూత తీస్తే టర్పెంటైన్ వాసన. తరువాత గుర్తొచ్చింది. ఎనిమిదికి ముందు సున్నా ఉంది. ముందు సున్నా ఉంటే షెల్ దాన్ని మామూలు అంకె అనుకోదు, ఏడు దాకానే అంకెలుండే పాత లెక్కలోది అనుకుంటుంది, ఆ లెక్కలో ఎనిమిదీ తొమ్మిదీ పుట్టలేదు. ఇది తనకు తెలియని సంగతా, కొత్తగా చేరిన పిల్లలకు మొదటివారంలో తనే చెబుతుంది, పొద్దున ఎనిమిది నుంచి పది దాకా మాత్రమే చెడిపోయే ప్రోగ్రాం ఉందంటే ముందు సున్నా చూడండి అని, చెప్పి నవ్విస్తుంది కూడా. అన్నీ తెలుసు. షుగర్ సంగతీ తెలుసు. తెలిసిన సంగతి అక్కరకు వచ్చే వేళకు చేతికి అందకపోతే ఆ తెలివి ఎవరికి. కొయ్యడం మానేసింది, తేదీని టైమ్‌నూ కలిపి డేట్ కమాండ్‌కే ఇచ్చింది. డెబ్భైల నాటి ఒక రోజు నుంచి ఇప్పటిదాకా ఎన్ని సెకన్లో అది చెబుతుంది, రెండువేల సంవత్సరమైనా, ఇవాళ అయినా, ఒకటే పొడుగు దారం, దాని మీద రెండు ముళ్లు, ముడికీ ముడికీ మధ్య ఎంతో అదే తేడా. వచ్చింది. రంగుల దుకాణం గడియారం, రోజులు పోను, యాభై ఐదు నిమిషాలు ముందుంది. స్టీలు దుకాణంది ఇరవై రెండు నిమిషాలు వెనక. అయితే అమ్మ ఇక్కడ నడిచింది తొమ్మిదిన్నరకు కాదు, ఎనిమిదీ ముప్పై ఆరుకే. అక్కడ నడిచింది తొమ్మిదీ తొమ్మిదికి. ముందు ఇటు. తరువాత అటు. సందులోంచి బయటికొచ్చి ఇటు వచ్చింది, ఎక్కడో తిరిగి వెనక్కి పోయింది, కడసారి కనిపించింది దిల్‌సుఖ్‌నగర్లో, మలక్‌పేట వైపు పోతూ. ఎల్బీనగర్లో లేదు. బస్సెక్కలేదు. ఊరికి పోలేదు.

ఊరికి పోలేదు అనుకోగానే గుండె ఎంత తేలికైందో చూసుకుని విజయశ్రీ భయపడింది. ఈ లెక్క నాకు కావలసిన లెక్క. ఊరికి పోతే నా మాటకు పోయింది, పోతే పో అన్నందుకు పోయింది, ఊరికి పోలేదంటే షుగర్ పడిపోయి దారి తప్పింది, అంతే, నా మాట కాదు. ఏ లెక్క నిజమైతే నాకు ఊపిరి ఆడుతుందో ఆ లెక్కే చేశానేమో. ముందున్న గడియారానికి తీసెయ్యాలా కలపాలా. కలిపితే మళ్లీ నరేష్ చెప్పిందే, ఒక్క గుర్తు మారితే అమ్మ తూర్పుకు పోతుంది, ఒక్క గుర్తు మారితే పడమటికి. ఆఫీసులో ఇట్లాంటిదే చేసి ఒకసారి రాత్రి బ్యాకప్‌లన్నీ చెరిపేశాడు ఒకతను, కలపాల్సిన చోట తీసేసి, మంచివాడే, లెక్కలొచ్చినవాడే. నెమ్మదిగా చూడు విజ్జీ. నెమ్మదిగా. ఈ టీవీలో పదకొండూ పది అయినప్పుడు నిజంగా పదీ పావే. టీవీ నిజానికన్నా ముందు పరిగెడుతోంది. టీవీ ఏది చెప్పినా నిజం అంతకు ముందే అయిపోయింది. తీసెయ్యాలి. తీసెయ్యాలి. మళ్లీ ఒకసారి, వేళ్లు మడిచి, పెదాలు కదుపుతూ, పక్కనున్న మనిషి వింతగా చూస్తున్నా, మళ్లీ ఒకసారి. తీసెయ్యాలి.

"తమ్ముడూ, అమ్మ గాడ లేదు. దిల్‌సుఖ్‌నగర్ పో, బాలకృష్ణ షాపు అవతలి దిక్కు. అందర్నీ ఇటు తోలియ్."

"ఏంది అక్కా, నీకేమన్న సమజైతుందా? కండక్టర్ చెప్పిండు. కారు తీస్కొని బస్సు ఎన్క పోతున్న, పెద్ద అంబర్‌పేట్ దాటిన."

"కెమెరా టైమ్ తప్పు నరేష్. లెక్క చేసిన."

"ఎప్పుడు సూడు లెక్కలే నీకు." వాడి గొంతు పగిలింది. "ఒకవేళ ఆమె గా బస్సుల ఉంటే? నేను ఎన్కకొచ్చినంక ఆమెకు ఏమన్న అయితే ఎవరిది అక్కా? జెప్పు, ఎవరిది?"

నాది, అంది విజయశ్రీ. అన్నానో లేదో తెలియలేదు, ఫోన్ పెట్టేసింది, లాప్‌టాప్ మూసి గంగాధరరావు బల్ల మీదే వదిలేసి రోడ్డు మీదికి పరిగెత్తింది.

ఆటోలో కూర్చుంది కానీ ఆటో కదలలేదు. పైన మెట్రో జర్రున పోయింది, కింద ఏమీ పోవడం లేదు. పళ్ల బండ్లు, సిటీబస్సు, ఒక పెళ్లి వ్యాను, ముందు అద్దం మీద మామిడాకులు, అందరూ హారన్ కొడుతున్నారు, ఎవరికీ ఏ తొందరా లేదు, తొందర ఉన్నట్టు కొడుతున్నారు. బ్యాగులో గ్లూకోజ్ పొట్లం ఉందా, ఉంది, పొద్దున్నుంచి పదిసార్లు చూసుకుంది, ఉంది. అమ్మకు చెమట పడుతుంటుంది ఇప్పుడు, ముందు చెమట, తరువాత వణుకు, తరువాత మాట తడబాటు, తరువాత అంతా మెత్తబడి నిద్రలాగ, చూసేవాళ్లకు నిద్రలాగే. సూది వేసింది నేను. ఆ చర్మం ఎంత పల్చబడింది, పొట్ట మీద కూడా ముడతలు, నూలు ఉండలు కట్టిన చేతులు, రంగు తొట్లలో నానిన చేతులు, నా ఫీజులు ఆ చేతులే కట్టాయి అని అందరూ చెప్పే మాట కాదు, ఆ చేతులు నా జడ వేసేటప్పుడు గట్టిగా లాగేవి, నొచ్చేది, అది కావాలి నాకు, నొప్పి కావాలి, లాగు అమ్మా, గట్టిగా లాగు. "మేడం, దిగి నడిస్తె జల్ది పోతరు," అన్నాడు ఆటో అతను, డబ్బులు కూడా అడగలేదు. దిగింది. మెట్రో స్తంభాల నీడలో పరిగెత్తింది, చైతన్యపురి దాటింది, తన సందు మొదలు కనిపించింది, అటు చూడలేదు. చెప్పు తెగితే రెండూ వదిలేసింది. నరేష్ ఇప్పుడు ఎంత దూరం పోయి ఉంటాడు, వాడు అటు, నేను ఇటు, ఇద్దరిలో ఒక్కరిదే నిజం, రెండూ అబద్ధం కావచ్చు కూడా.

స్టీలు దుకాణం ముందు బాలకృష్ణ నిలబడి ఉన్నాడు, చేత్తో చూపించాడు, అటు. అటు అంటే ఎంత, అటంతా మనుషులే. చెప్పుల బండి వాణ్ణి అడిగింది, చూడలేదు. జ్యూసు బండి దగ్గర అడిగింది, చూడలేదు. ఫోనులో అమ్మ ఫోటో చూపిస్తుంటే తెర మీద చెమట చుక్కలు, అమ్మ మొహం చెదిరిపోతోంది. ఒక పక్క సందు, మేడలకు కింద నుంచి పైదాకా కోచింగ్ సెంటర్ల బోర్డులు, బ్యాంకులు, గ్రూపులు, కంప్యూటర్లు, జావా, పిల్లలు గుంపులుగా పుస్తకాలు గుండెకు ఆనించుకుని. సైదాబాద్ పోయే రోడ్డు దాకా పోయి చూసింది, లేదు, వెనక్కి వచ్చింది. లెక్క తప్పింది అనుకుంది. గుర్తు తారుమారు చేశాను, నరేష్‌దే నిజం, నేను ఇక్కడ వెతుకుతుంటే అమ్మ బస్సులో, కిటికీకి తల ఆనించి. ఒక మేడ గేటు పట్టుకుని ఆగింది. లోపల మెట్లు. ఆ మెట్ల మీద కిందికీ పైకీ పిల్లలు, ఒక వరుసలో పోతున్న పిల్లలు మూడో మెట్టు దగ్గర మాత్రం కొంచెం పక్కకు జరిగి పోతున్నారు. అక్కడ ఆకుపచ్చగా ఏదో ఉంది.

గోడకు ఆనుకుని కూర్చుని ఉంది అమ్మ, తల భుజం మీదికి వాలి, ఒళ్లంతా తడి. చీపురు పట్టుకున్న ముసలామె పైమెట్టు నుంచి తొంగి చూసింది. "నీ మనిషేనా బిడ్డా? పిల్ల కోసం సూస్తున్నదేమో అనుకున్నం గదా. రోజు ఎంతమంది తల్లులు కూసుంటరు గీ మెట్ల మీద."

విజయశ్రీ వేలితో గ్లూకోజ్ తడిపి అమ్మ చిగుళ్లకు రాసింది, దవడ లోపల రాసింది, పళ్లు వేలికి తగులుతున్నాయి, చల్లగా ఉన్నాయి, మళ్లీ రాసింది, అమ్మా, అమ్మా, ఇటు సూడు. పిల్లలు ఆగిపోయారు, ఎవరో అంబులెన్స్‌కు ఫోన్ చేస్తున్నారు, ఎవరో నీళ్లన్నారు, నీళ్లొద్దు అని తను అరిచింది. అంబులెన్స్ వచ్చింది. వచ్చినతను వేలి చివర గుచ్చి మీటరు చూసి, చేతికి సూది పెట్టి బాటిల్ తగిలించాక అడిగాడు, "ఎంతసేపాయె మేడం, ఇట్ల పడిపోయి?" ఆమె నోరు తెరిచింది. తొమ్మిదీ తొమ్మిదికి బాలకృష్ణ దుకాణం ముందు నడిచింది, ఇప్పుడు పదకొండు దాటింది, మధ్యలో ఎప్పుడో. ముసలామె వైపు చూసింది. "నేను ఊడ్వనీకి వచ్చేసరికే ఉండె," అంది ఆమె, "ఎప్పుడంటే నాకేమెరుక, గడియారం పెట్టుకుంటనా." మెట్ల మీద కెమెరా లేదు. "ఎరుకలేదు," అంది విజయశ్రీ, "నాకు ఎరుకలేదు." అతను తలూపాడు. "శానసేపు ఐతే జర లేటుగ తేరుకుంటరు. ఒక్కోపారి..." అని ఆగిపోయి బాటిల్ సరిచేశాడు.

బండి దవాఖానకు పోతోంది. నరేష్‌కు ఫోన్ చేసింది, "దొరికింది" అన్న మాట ఒక్కటే వచ్చింది, అటు నుంచి వాడి ఏడుపు, కారు హారన్లు, "అక్కా, వస్తున్న, అక్కా." బాటిల్లోంచి చుక్కలు పడుతున్నాయి. లెక్కపెట్టకూడదనుకుంది, లెక్కపెట్టలేదు, అమ్మ చెయ్యి తన రెండు చేతుల్లో పెట్టుకుని మొహం మాత్రం చూసింది. అమ్మ కనురెప్పలు కదిలాయి. తెరుచుకున్నాయి. పైన దీపం వైపు, సీసా వైపు, తరువాత తన వైపు. చాలాసేపు తన వైపు. ఆ చూపులో కోపం లేదు, రాత్రి గొడవ లేదు, ఏమీ లేదు, బస్సులో పక్క సీట్లో కూర్చున్న మనిషిని చూసే మర్యాద ఒక్కటే ఉంది.

"ఎవలి బిడ్డవమ్మా నువ్వు?" అంది అమ్మ, నాలుక మందంగా. "ఏడుస్తున్నవేంది?"

అంబులెన్స్ అతను మొహం తిప్పుకున్నాడు. విజయశ్రీ కళ్లు తుడుచుకుని అమ్మ మీదికి వంగింది. "రాజేశ్వరమ్మ బిడ్డను."

అమ్మ నుదురు ముడిచింది. ఎక్కడో చాలా లోతున దాచిన వస్తువు కోసం వెతుకుతున్నట్టు కళ్లు అటూ ఇటూ తిరిగాయి. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు, కొంచెం బిగించింది కూడా.

"రాజేశ్వరమ్మనా," అంది. "ఆమె నాకెరుకే."